చెంచా పక్కింట్లో ఉంది

వెలిచ్కా అక్క అచ్చుకాగితాన్ని చివరి నుంచి మొదటికి చదివేది. అట్టడుగు పంక్తిలో ఆఖరి అక్షరంతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే వెనక్కి నడుచుకుంటూ పైకి వచ్చేది. కొత్తగా చేరినవాళ్లు చూసి నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను, చేరిన మొదటి వారంలో.

"ముందు నుంచి చదివితే మాట కనబడుతుంది రా దోన్చో," అంది నాతో. "వెనక నుంచి చదివితేనే అక్షరం కనబడేది. మాట మనల్ని మభ్యపెడుతుంది, అక్షరం పెట్టదు."

పజార్జిక్‌లో మా ప్రెస్సు రైలు స్టేషనుకి వెళ్లే దారిలో ఉంది. సీసాలకీ డబ్బాలకీ లేబుళ్లు వెయ్యడం మా అసలు పని. శుభలేఖలూ, చావు కాగితాలూ చిల్లర పని. నేను కటింగ్ మిషన్ మీద ఉండేవాణ్ణి. ఆమె గాజు తలుపు వెనక చిన్న గదిలో, కిటికీకి ఎదురుగా కూర్చునేది. ఆ గదిలోంచి సంతకం పడి బయటికి రాకుండా ఏ కాగితమూ మిషన్ ఎక్కడానికి వీల్లేదు. ముప్పై ఏడేళ్లు అలాగే జరిగింది.

ఆమె చేతిలోంచి తప్పు జారిపోవడం నాకు తెలిసి ఒక్కసారే. మా దగ్గర మనిషి పోతే ఫొటోతో కాగితం అచ్చేయించి ఇంటి తలుపుకీ, బస్ స్టాపుకీ, వీధి చెట్లకీ అంటిస్తారు. ఒకాయన పేరు స్లావి. కాగితం మీద సావి అని పడింది. సావి కూడా పేరే కాబట్టి చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. రెండో రోజు ఆయన భార్య ప్రెస్సుకి వచ్చింది. కోప్పడలేదు. "చాలా బాగా వేశారమ్మా. ఫొటో కూడా చక్కగా పడింది. కానీ ఈయన మా ఆయన కాదు," అంది.

ఆ సాయంత్రం వెలిచ్కా అక్క కొత్త కాగితాలు వేయించుకుని, జిగురు డబ్బా పట్టుకుని, ఊరంతా తిరిగి పాతవి ఒక్కొక్కటే గోకి తీసి కొత్తవి అంటించి వచ్చింది. ఎవర్నీ సాయం పిలవలేదు. మర్నాడు వేళ్ల చివర్లు ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆమె గురించి ఈ సంగతి తెలిస్తే తర్వాత జరిగింది మీకు వింతగా అనిపించదు.

అది రెండు వేల పన్నెండు. అప్పటికి ఏ కంపెనీ ప్రకటన చూసినా అడుగున ఒక వెబ్‌సైట్ అడ్రసు ఉండేది. కంపెనీ పేరుతో ఉండే మామూలు అడ్రసు కాదు, ఆ ఒక్క ప్రకటన కోసమే కొత్తగా పుట్టించిన అడ్రసు. సబ్బుకొకటి, బీరుకొకటి, బూట్లకొకటి. రెండు మూడు నెలలు ఊరంతా మోగేది, ఆ తర్వాత దాని మొహం ఎవరూ చూసేవాళ్లు కాదు.

ఆ వేసవిలో ఊరి బయటి పచ్చళ్ల ఫ్యాక్టరీ నుంచి మాకు పెద్ద పని వచ్చింది. వాళ్లది లుతెనిత్స. ఎర్ర మిరపలు కాల్చి, తొక్క తీసి, టమాటాలతో కలిపి ఉడికించే పచ్చడి. మా ఇళ్లలో రొట్టె ఉంటే అదీ ఉండాల్సిందే. నాలుగు లక్షల లేబుళ్లు. లేబుల్ మీద ఎర్రటి చెంచా బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాల్లో అడ్రసు. అడ్రసుకి అర్థం 'చెంచా నాకెయ్' అని. మా భాషలో పలికితే 'ఒబ్లిజీ లజిత్సాతా'. సీసా మూత లోపల ఒక కోడ్ ఉంటుంది. ఆ అడ్రసుకి వెళ్లి కోడ్ కొడితే రోజుకొకరికి మిరపకాయలు కాల్చే పొయ్యి, ఆఖర్న ఒక కుటుంబానికి వంటగది సామానంతా.

ప్రూఫు వెలిచ్కా అక్క బల్ల మీదికి వెళ్లింది. మామూలుగా గంటలో బయటికి వచ్చేది, ఆ పూట రాలేదు. నేను గాజు తలుపు తట్టాను.

"ఏంటక్కా, తప్పుందా?"

"లేదు."

"మరి సంతకం పెట్టలేదే?"

"చదివేవాడికి తప్పు లేదు రా. రాసేవాడికే చిక్కంతా."

నాకు అర్థం కాలేదు. ఆమె కాగితం నా వైపు తిప్పింది. మా అక్షరాలు వేరు, వెబ్‌సైట్లకి వాడే అక్షరాలు వేరు. అప్పట్లో అడ్రసులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. చెంచా అన్న మాటలో మొదటి అచ్చు అ-కీ ఉ-కీ మధ్య ఎక్కడో పలుకుతుంది. దానికి కొందరు ఎ వేస్తారు, కొందరు యు, ఇంకొందరు వై. మధ్యలో 'జి'కి కొందరు జెడ్ పక్కన హెచ్, కొందరు ఉత్త జె. 'త్స'కి టి-ఎస్ అని కొందరు, సి చాలని కొందరు. ప్రభుత్వం వాళ్లు పాస్‌పోర్టుల కోసం ఒక పద్ధతి పెట్టారు, లేబుల్ మీద ఉన్నది అదే. కానీ ఫోన్లో మెసేజీలు కొట్టే జనం పాస్‌పోర్టు ఆఫీసుని అడిగి కొట్టరు కదా.

ఆ రోజు శుక్రవారం, క్యాంటీన్లో చిక్కుడు గింజల సూప్. వెలిచ్కా అక్క నా మిషన్ దగ్గర మిగిలిన తెల్ల ముక్కలు గుప్పెడు తీసుకుని వచ్చి అందరి ముందూ ఒక్కోటి పెట్టింది.

"నేనొక మాట చెప్తా. ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. పక్కవాడి కాగితం చూడొద్దు."

"పరీక్షా అక్కా? తప్పితే సూప్ పొయ్యరా?" అన్నాడు మిషన్ పక్కన కుర్చీ వేసుకుని నిద్రపోయే మా వాచ్‌మన్.

"తప్పితే రెండు గరిటెలు పోయిస్తా, రాయి."

పదకొండు మంది రాశాం. ఏడు రకాల రాతలు వచ్చాయి. లేబుల్ మీద ఉన్నట్టు రాసింది మా అకౌంటెంటు ఒక్కతే, ఆవిడ పొద్దున్నే ప్రూఫు చూసి ఉంది. నలుగురు మాత్రం ఒకేలా రాశారు: యు, జె, సి. నేనూ వాళ్లలో ఒకణ్ణి. వెలిచ్కా అక్క ఆ పదకొండు ముక్కలూ కవర్లో పెట్టుకుంది.

సోమవారం రాజధాని సోఫియా నుంచి ప్రకటనల కంపెనీ మనిషి వచ్చాడు. పేరు కలోయన్, ముప్పై ఏళ్లుంటాయి. ఆ అడ్రసు పుట్టించింది అతనే. ఆమె కవరు బల్ల మీద బోర్లించింది. అతను ముక్కలన్నీ చూసి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పెద్దవాళ్ల చాదస్తానికి నవ్వే నవ్వు.

"మేడమ్, జనం లేబుల్ చూసి కొడతారు. చెవులతో విని కొట్టరు."

"రేడియోలో చెప్పించడం లేదా?"

"రేడియోలో వస్తుంది, టీవీలో వస్తుంది. టీవీలో అక్షరాలు కనిపిస్తాయి కూడా."

"ఎంతసేపు?"

"రెండు సెకన్లు."

"రెండు సెకన్లలో ఇన్ని అక్షరాలు నేను కూడా చదవలేను బాబూ. నా పని అదే అయినా."

"పేరులో ఊపు చూడండి మేడమ్. చెంచా నాకెయ్! ఒకసారి వింటే చచ్చినా మర్చిపోరు."

"మర్చిపోరు. మర్చిపోకుండా తప్పు తలుపు తడతారు."

అతను గడియారం చూసుకున్నాడు. "ఒక్కటే అడుగుతాను. ప్రూఫులో తప్పుందా, లేదా?"

"లేదు."

"అయితే సంతకం పెట్టెయ్యండి మేడమ్, ప్లీజ్."

ఆమె పెట్టింది. పెట్టాక చాలాసేపు పెన్ను మూత పెట్టలేదు.

సెప్టెంబరు వచ్చింది. మా ఊళ్లో సెప్టెంబరంటే ప్రతి బాల్కనీలోంచీ మిరపలు కాలే వాసన. సొంతంగా పచ్చడి కలిపేవాళ్లే ఎక్కువ, అయినా ఆ ఏడాది సీసాలు బాగానే అమ్ముడుపోయాయి. రేడియో పెడితే చాలు, 'చెంచా నాకెయ్' అని ఒక ఆడగొంతు, వెనక పిల్లల కేరింతలు. రెండో వారంలో వెలిచ్కా అక్క బస్సులో ఇంటికి వెళుతుంటే ముందు సీట్లో ఇద్దరాడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"కొట్టానే తల్లీ, మూడుసార్లు కొట్టాను. అలాంటిదేదీ లేదంటుంది."

"నాదీ అంతే. మా అల్లుడు కూడా కొట్టి చూశాడు."

"చెంచా లేదు, గించా లేదు. అంతా ఉత్త అబద్ధం."

మా భాషలో చెంచాకీ అబద్ధానికీ మొదటి అక్షరాలు ఒకటే. ఆవిడ ఆ రెంటినీ కలిపి అన్నమాటకి బస్సులో నలుగురు నవ్వారు. వెలిచ్కా అక్క నవ్వలేకపోయింది. తర్వాత నాతో అంది, "వాళ్లు అబద్ధమన్నది దేన్ని? నేను సంతకం పెట్టినదాన్నేగా."

దిగాల్సిన స్టాపు దాటిపోయి గ్రంథాలయం దగ్గర దిగింది. అక్కడ ఒక గదిలో నాలుగు కంప్యూటర్లు, వాటిని చూసుకునే రుమ్యానా. నలభై ఏళ్ల మనిషి, గలగలా మాట్లాడుతుంది. వెలిచ్కా అక్క ఆ నలుగురం రాసిన రాతలో అడ్రసు కొట్టించింది. లేదనే వచ్చింది.

"ఇది ఎవరిది?" అని అడిగింది.

"ఎవరిదీ కాదు పిన్నీ. ఖాళీ స్థలం."

"నేను తీసుకోవచ్చా?"

రుమ్యానా కళ్లజోడు పైనుంచి చూసింది. "నువ్వా? పచ్చడి వ్యాపారం పెడుతున్నావా?"

"పెట్టను గానీ, తీసుకోవచ్చా లేదా?"

"తీసుకోవచ్చు. కానీ ఏడాదికి తీసుకోవాలి."

"ఏడాదెందుకు, మిరపలు అయిపోయేదాకా చాలు."

"వాళ్లు మిరపల లెక్కన ఇవ్వరు పిన్నీ."

అలా తీసుకుంది, తన పేరు మీదే, తన చేతి డబ్బుతో. ఇంట్లో వాళ్లాయన స్తామెన్‌కి చెప్పడానికి మూడు రోజులు ఆగిందట. ఆయన రైల్వేలో సిగ్నల్ మనిషిగా చేసి దిగిపోయినవాడు. విని, "దారి తప్పిన బండికి ఎర్రజెండా ఊపడమేగా, తప్పేముంది," అన్నాడట.

ఆ పేజీలో ఒక్క ముక్క రాయించింది. "మీరు వెతికే చెంచా ఇక్కడ లేదు. పక్కింట్లో ఉంది. ఈ మాట మీద నొక్కితే తలుపు తీస్తారు." నొక్కితే ఫ్యాక్టరీ వాళ్ల అసలు పేజీ తెరుచుకుంటుంది. కింద రుమ్యానా ఒక చిన్న గడి కలిపింది, ఎవరికైనా ఇబ్బందుంటే రాసుకోవడానికి. ఆ గడి తన ఆలోచన కాదని వెలిచ్కా అక్క ఎప్పుడూ చెప్పేది.

మొదటి రోజు రెండొందల మంది వచ్చారు. వారం తిరిగేసరికి రోజుకి ఐదారొందలు. గడిలో ఉత్తరాలు కూడా మొదలయ్యాయి. మంగళ, గురువారాలు పని అయ్యాక గ్రంథాలయానికి వెళ్లి కూర్చుని ఒక్కొక్కదానికీ జవాబు రాసేది. చాలామందికి మూత లోపలి కోడ్ చదవడం రావడం లేదు. ఆ మూతల మిషన్‌లో ఎనిమిదికీ బి-కీ తేడా తెలీదని ఆమెకి తెలుసు. "మీది బి కాదమ్మా, ఎనిమిది కొట్టి చూడండి," అని రాసేది. కోడ్ తీసుకుంది, తీసుకుంది అని తిరుగు జవాబులొచ్చేవి. ఒక స్కూలు పిల్ల, చెంచాకి ఏ రాత సరైనదో చెప్పమని, మా టీచరు ఒకటి, మా అన్న ఒకటి అంటున్నారని రాసింది. దానికి వెలిచ్కా అక్క రెండు పేజీల జవాబు రాసింది. ఆ పిల్ల చదివి ఉండదని నా నమ్మకం.

ఒక ఉత్తరం మాత్రం ప్రెస్సుకి తెచ్చి నాకు చదివి వినిపించింది. త్రోయన్ కొండల దగ్గర ఒక ఊరి నుంచి, మిన్యో అనే ముసలాయన రాసింది.

"నమస్కారం. మీరు రేడియోలో చెంచా గురించి చెప్తున్నారు. నేను యాభై ఏళ్లుగా చెక్క చెంచాలు చెక్కుతున్నాను. మీకు ఎలాంటివి కావాలో, ఎన్ని కావాలో రాయలేదు. నాకుతారని అంటున్నారు కాబట్టి రంగు వెయ్యను. వాల్‌నట్ నూనె ఒక్కటే పట్టిస్తాను."

చదువుతూ ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి ఆమె నవ్వడం మానేసింది.

"పాపం, ఆయన అడిగిందాంట్లో తప్పేముంది రా? చెంచా చెంచా అని ఊదరగొట్టింది మనవాళ్లేగా."

ఆయనకి జవాబు రాసింది. వాళ్లు అమ్మేది పచ్చడి అనీ, చెంచా ఉత్త మాటవరసకనీ, తను ఆ కంపెనీ మనిషిని కూడా కాదనీ, ఆ లేబుల్ ప్రూఫు చూసినదాన్ననీ. నాలుగు రోజులకి ఆయన మళ్లీ రాశాడు. "పచ్చడి అమ్మేవాళ్లకి చెంచా మాటవరసకా? మరి దేంతో తింటారు?" ఈమె మళ్లీ రాసింది. అలా నడిచింది ఇద్దరికీ. ఆయన ఏ చెట్టు కొట్టాడో, ఎండ ఎలా ఉందో రాసేవాడు. ఈమె ఆ వారం ప్రెస్సులో ఏం పడిందో రాసేది.

అక్టోబరు మూడో వారంలో లాయరు కాగితం వచ్చింది. వెలిచ్కా పెంచెవా అనే ఆమె తమ ప్రకటనని పోలిన అడ్రసు దురుద్దేశంతో కాజేసి, తర్వాత బేరం పెట్టడానికి దాచుకుందని అందులో ఉంది. మా డైరెక్టరు హరలాంపి గారి మొహం కందగడ్డలా అయింది. ఆయన గదిలోకి నేను శాంపిల్ షీట్లు పట్టుకుని వెళ్లి అక్కడే ఇరుక్కుపోయాను. లోపల కలోయన్ ఉన్నాడు. పచ్చళ్ల ఫ్యాక్టరీ యజమానురాలు కూడా వచ్చింది. యాభై ఐదేళ్ల మనిషి, పొట్టి జుట్టు, తన ఇంటి పెరట్లో రెండు రాగి గంగాళాలతో మొదలుపెట్టి ఎదిగినావిడ.

"ముప్పై ఏళ్ల పైన పని చేసిన మనిషివి," అన్నాడు డైరెక్టరు, "మన కస్టమరు మీదే పడతావా వెలిచ్కా? నన్ను ఎక్కడ తలెత్తుకోమంటావు?"

"నేను ఎవరి మీదా పడలేదండి. దారి తప్పినవాళ్లకి ఇల్లు చూపించాను."

"ఆ ఇల్లు నీ పేరు మీద ఎందుకుంది?"

"ఎవరో ఒకరి పేరు మీద ఉండాలన్నారు. మీ పేరు పెట్టమంటే పెడతాను."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కలోయన్ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, సూటిగా మాట్లాడుకుందాం. ఎంతకి ఇస్తారు?"

ఆమె మొహంలో రంగు మారింది. ఇంతకాలంలో ఆమెకి నిజంగా కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"అమ్మడానికి కొన్నానని ఎవరు చెప్పారు బాబూ నీకు? ఆగస్టులో పదకొండు ముక్కలు నీ ముందు పెట్టాను. నువ్వు నవ్వావు. నవ్వితే నవ్వావు, నాకేం నష్టం లేదు. బస్సులో జనం ఈవిడ పచ్చడిని అబద్ధమంటుంటే మాత్రం వినలేకపోయాను."

యజమానురాలు కలోయన్ వైపు తిరిగింది.

"మన పేజీకి వచ్చినవాళ్లు ఎటు నుంచి వచ్చారో నీకు కనబడుతుంది కదా?"

"కనబడుతుందండి."

"ఈవిడ దగ్గర్నుంచి ఎంతమంది వచ్చారు?"

అతను ఫోన్లోకి చూశాడు. అందులో చూడాల్సిందేమీ లేదని నాకు తెలిసిపోయింది, లెక్క అతనికి కంఠతా వచ్చు.

"సగానికి కొంచెం తక్కువండి."

యజమానురాలు ఆ లాయరు కాగితం తీసుకుని, రెండుగా మడిచి, తన సంచిలో పెట్టుకుంది.

వెలిచ్కా అక్క ఆ అడ్రసు వాళ్లకి ఊరికే ఇచ్చేసింది. ఇస్తూ ఒకటే అడిగింది: గడిలో ఉత్తరం రాసినవాళ్లకి మనిషి జవాబు రాయాలని. కలోయన్ తప్పకుండా అన్నాడు. అబద్ధమాడాడని నేననను. సోఫియా చేరేసరికి ఆ సంగతి అతనికి గుర్తుండి ఉండదు, అంతే. వారం తిరక్కుండా ఆమె రాసిన వాక్యం పోయింది. ఆ అడ్రసు కొడితే మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఫ్యాక్టరీ పేజీలోకి వెళ్లిపోయేలా చేశారు. అదే సరైన పద్ధతని రుమ్యానా కూడా ఒప్పుకుంది.

ఫిబ్రవరిలో ప్రెస్సుకి పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. లేబుల్ అంచున చీమ తలంత అక్షరాల్లో మా ప్రెస్సు పేరుంటుంది, అది చూసి పంపాడు మిన్యో. పైన "అక్షరాలు చూసే వెలిచ్కా గారికి" అని ఉంది.

"మీ ఇంట్లో కొత్తవాళ్లెవరో దిగినట్టున్నారు. ఏం రాసినా 'మీ సందేశం అందింది, ధన్యవాదాలు' అంటున్నారు. మూడుసార్లు అందిందన్నారు. ఒక్కసారి కూడా చదివినట్టు లేదు. మీరు బాగున్నారా? చెంచాలు తయారయ్యాయి."

ఆమె ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయింది. "ఏం చెంచాలు రా? వద్దని రాశానే."

ఏప్రిల్లో మంచు కరిగాక స్తామెన్‌ని వెంటబెట్టుకుని మూడు బస్సులు మారి ఆ ఊరు వెళ్లింది. తిరిగొచ్చాక నాకు చెప్పింది. చిన్న ఇల్లు, ముందు వసారా. వసారాలో బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద అరవై చెంచాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకదాని పిడిలాగా ఇంకొకదాని పిడి లేదు. ఒక్కదానికీ రంగు లేదు. ఆయన సన్నగా, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడట.

"వద్దని రాశాను కదండీ మిన్యో గారూ," అందట ఈమె.

"రాశారు. కానీ రేడియోలో వాళ్లు ఆపలేదుగా," అన్నాడట ఆయన. "అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటే నేను చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటాను? ఎనిమిదేళ్లైంది నన్నెవరైనా చెంచా అడిగి."

ముగ్గురూ కూర్చుని బీన్స్ కూరా రొట్టే ఆ చెంచాలతోనే తిన్నారు. వచ్చేటప్పుడు ఆయన ఇరవై కట్టి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, "మీరు అడగలేదు కదా, మీ దగ్గర ఎలా తీసుకుంటాను," అన్నాడు.

ఆ సోమవారం ఆమె సెలవు పెట్టింది. మిగతాది పచ్చళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా వదిన కళ్లారా చూసి చెప్పింది. వెలిచ్కా అక్క ఆఫీసులోకి వెళ్లి, మూట విప్పి, చెంచాలు యజమానురాలి బల్ల మీద పరిచింది.

"ఏంటివి?"

"మీ ప్రకటన విని ఒకాయన చెక్కాడు. మీరు కావాలంటున్నారని అనుకున్నాడు."

యజమానురాలు ఒకటి తీసి పట్టుకుంది. బొటనవేలితో లోతు తడిమింది. పక్కనున్న సీసా మూత తీసి, పచ్చడి తీసుకుని నోట్లో పెట్టుకుని, చెంచా శుభ్రంగా నాకింది. వాళ్లమ్మ గంగాళంలో కలిపే గరిట ఇలాగే ఉండేదని అంది. ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగింది. నలభై అని చెప్తే, ఆయన చెయ్యగలిగినన్ని కావాలంది. ఆ ఏడాది పెద్ద బహుమతులతో పాటు వారానికి ఇరవై మందికి మిన్యో చెంచా కూడా పెట్టారు. ఆయన డెబ్భై ఏడో ఏట పక్కూరి నుంచి ఒక మనిషిని పనికి పెట్టుకోవాల్సి వచ్చింది.

జూన్లో కలోయన్ మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా డైరెక్టరు దగ్గరికి వెళ్లలేదు, గాజు తలుపు తట్టాడు. చేతిలో చాక్లెట్ల పెట్టె, ఈ ఏటి కొత్త అడ్రసు కోసం ఎనిమిది పేర్ల జాబితా.

"మా క్లయింటు మీకు చూపించందే ఏదీ ఖాయం చెయ్యనంటోంది మేడమ్."

"క్యాంటీన్లో చూపించు. నాకెందుకు?" అంది ఆమె. శుక్రవారం దాకా అతన్ని ఆపింది.

మళ్లీ సూప్, మళ్లీ కాగితం ముక్కలు. అతను ఒక్కో పేరూ పైకి చదివాడు, మేం రాశాం. మొదటి పేరుకి నాలుగు రకాలు వచ్చాయి. రెండోదానికి ఆరు. అతనికి అన్నిటికంటే ఇష్టమైనది 'సీసాలో సంతోషం'. మా భాషలో సంతోషాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం కంటే దుఃఖాన్ని రాయడం తేలిక. తొమ్మిది రకాలు వచ్చాయి.

"నువ్వు కూడా రాయి బాబూ," అంది వెలిచ్కా అక్క.

"నేనా? పెట్టింది నేనే కదా మేడమ్."

"అయినా రాయి."

రాశాడు. రాసింది జాబితాలో అచ్చేసి తెచ్చుకున్నదాని పక్కన పెట్టి చూసుకున్నాడు. రెండూ ఒకటి కాదు. మా వాచ్‌మన్ ఘొల్లుమన్నాడు. "ఈయనకి రెండు గరిటెలు ఎక్కువ పొయ్యండ్రా!" కలోయన్ చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత అతనూ నవ్వాడు. సూప్ నిజంగానే రెండుసార్లు పోయించుకుని తిన్నాడు.

ఆఖరి పేరు 'అమ్మమ్మకి తెలుసు'. మా భాషలో 'బాబా జ్నాయె', రెండు చిన్న మాటలు. దాన్ని ఎవరూ రెండు రకాలుగా రాయలేరు. పన్నెండు ముక్కల మీదా ఒకటే రాత. కలోయన్ దాన్ని జాబితాలో అన్నిటికంటే కింద, లెక్క నింపడానికి రాసుకొచ్చాడట. అందులో ఊపు లేదని అతని బాధ. వెలిచ్కా అక్క ఆ మధ్యాహ్నమే సంతకం పెట్టింది, పెన్ను మూత కూడా వెంటనే పెట్టింది.

ఆ శరత్కాలమంతా రేడియోలో అమ్మమ్మ మోగింది. జనం విన్నారు, కొట్టారు, వెళ్లారు. ఎవరూ దారి తప్పలేదు. మంగళవారాలు వెలిచ్కా అక్క అలవాటు కొద్దీ గ్రంథాలయానికి వెళ్లేది. ఆమెకి రాసేవాళ్లు ఎవరూ లేరు. ఒకసారి నేను పుస్తకం ఇవ్వడానికి వెళ్లి చూస్తే కంప్యూటరు ముందు ఊరికే కూర్చుని ఉంది.

"ఏంటక్కా, బోసిగా ఉందా?" అన్నాను.

"అందరూ చేరాల్సిన చోటికి చేరుతున్నారు. ఇంకేం కావాలి?" అంది. మళ్లీ తనే, "ఆ స్కూలు పిల్ల మాత్రం నా రెండు పేజీలూ చదివిందో లేదో తెలీదు," అంది.

రుమ్యానా అవతల కిటికీలు మూస్తోంది. వెలిచ్కా అక్క లేచి కోటు వేసుకుంది. ఆ వారం మిరపలు చౌకగా ఉన్నాయని, రెండు బస్తాలు తీసుకోవాలని, స్తామెన్ ఒక్కడే మొయ్యలేడని చెప్పి నన్ను సంతకి లాక్కుపోయింది.